శుక్లం ఆపరేషన్ అయిన మర్నాడే అమ్మ కంట్లో ప్రెషర్ 34 అన్నారు. ఎవరికైనా ఇలా అయిందా?

పీలేరు_పిల్లోడు · రాత్రి 8:52

అందరికీ నమస్కారం. మా అమ్మకు 62 ఏళ్ళు. నిన్న తిరుపతిలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో కుడి కంటికి శుక్లం తీసి లెన్స్ పెట్టారు. ఆపరేషన్ బాగానే జరిగింది, తనే నడుచుకుంటూ బయటికి వచ్చింది. రాత్రి కనుబొమ్మ మీద లాగతా ఉందని మూలిగింది, వాంతి కూడా అయింది. మధ్యాహ్నం తిన్న పులిహోర పడలేదేమో అనుకున్నాం.

ఈ పొద్దు కట్టు విప్పడానికి పోతే కుడి కంట్లో ప్రెషర్ 34 ఉందన్నారు. ఎడమ కంట్లో 15. మిషన్ ముందు కూర్చోబెట్టి, కంటి పక్కన సన్నటి సూదిలాంటి దానితో నొక్కి కొంచెం నీళ్ళు వదిలారు. మళ్ళీ చూస్తే 19. ఒక మాత్ర, ఒక కొత్త చుక్కల మందు రాసి ఎల్లుండి రమ్మన్నారు. అడిగేలోపు ఇంకో పేషెంట్‌ని పిలిచేశారు.

ఇప్పుడు కొర్లగుంటలో పిన్ని వాళ్ళింట్లో ఉన్నాం. పిన్ని ఏమో "కంటికి బీపీ వచ్చింది, ఉప్పు మానిపించు" అంటోంది. ఆపరేషన్ ఫెయిలయినట్టా? లెన్స్ తీసేసి మళ్ళీ వెయ్యాలా? మా చెల్లెలు ఫోన్లో ఏడుస్తోంది.

నీలం_లైటు · రాత్రి 9:15

తమ్ముడూ, ముందు చెల్లెలికి ఫోన్ చేసి ఏడుపు ఆపమను. నేను డాక్టర్ని కాదు, ఆప్టోమెట్రిస్టుని. రోజూ ప్రెషర్లు చూసేదే నా పని. శుక్లం ఆపరేషన్ తర్వాత మొదటి 24 గంటల్లో ప్రెషర్ పెరగడం మేము తరచూ చూసేదే.

కారణం చాలాసార్లు జెల్. ఆపరేషన్ చేసేటప్పుడు కన్ను లోపల కుంగిపోకుండా, కార్నియాకు (కంటి ముందుండే అద్దం లాంటి పొర) దెబ్బ తగలకుండా చిక్కటి జెల్ నింపుతారు. చివర్లో కడిగేస్తారు గానీ లెన్స్ వెనక కొంచెం మిగిలిపోవచ్చు. కంట్లో నీరు ఎప్పుడూ ఊరుతూనే ఉంటుంది, ఊరినంతా కార్నియా, ఐరిస్ (కంటి పాప చుట్టూ ఉండే రంగు పొర) కలిసే మూలలో ఉన్న సన్నటి జల్లెడ గుండా బయటికి పోవాలి. ఆ జల్లెడలో జెల్ ఇరుక్కుంటే నీరు పోయే దారి మూసుకుపోతుంది, ఊరడం మాత్రం ఆగదు. అంతే, ప్రెషర్ ఎక్కుతుంది. మామూలుగా 10 నుంచి 21 దాకా ఉండాలి. ఒకటి రెండు రోజుల్లో జెల్ దానంతటదే కరిగి పోతుంది.

మీ డాక్టరు చేసింది, ఆపరేషన్ అప్పుడు పెట్టిన చిన్న గాటు అంచు నొక్కి నీరు వదలడం. దాంతో వెంటనే దిగుతుంది. కానీ జెల్ ఇంకా లోపలే ఉంటే కొన్ని గంటల్లో మళ్ళీ ఎక్కొచ్చు. అందుకే మాత్ర, చుక్కలు. లెన్స్‌కూ దీనికీ సంబంధం లేదు, ఎవరూ దాన్ని తియ్యరు.

కంటి ప్రెషర్ వేరు, బీపీ వేరు. ఉప్పు మానేస్తే అమ్మగారి బీపీకి మంచిదేమో, 34 అయితే దిగదు.

మాత్ర పేరు, చుక్కల పేరు రాయండి. అమ్మగారికి ఉబ్బసం గానీ, నాడి నెమ్మదిగా కొట్టుకోవడం గానీ, కిడ్నీ సమస్య గానీ, సల్ఫా మందులు పడకపోవడం గానీ ఉన్నాయా?

పుత్తూరు_కట్టు · రాత్రి 9:31

ఈ మిషన్లు, లెక్కలు అన్నీ డబ్బు గుంజడానికే. మా జేజి కాలంలో ఎవరికి ప్రెషర్ చూశారు? నందివర్ధనం పూల రసం పొద్దున్నే రెండు చుక్కలు వేస్తే కన్ను చల్లబడుతుంది. తేనె అయినా పరవాలేదు. వారంలో తేడా మీరే చూస్తారు.

నీలం_లైటు · రాత్రి 9:36

@పుత్తూరు_కట్టు అన్నా, చెయ్యి విరిగితే కట్టు కోసం మీ పుత్తూరుకే వస్తాను, కాదనను. కంటి విషయంలో మాత్రం దయచేసి ఈ సలహా వెనక్కి తీసుకోండి. నిన్ననే కోసిన కన్ను అది. గాటు రెండు మూడు మిల్లీమీటర్లే, చాలామందికి కుట్టు కూడా వెయ్యరు, దానంతటదే అతుక్కోవాలి. అందులోకి పూల రసంతో పాటు క్రిములు పోతే కంటి లోపల చీము పడుతుంది. అప్పుడు ప్రెషర్ గురించి మాట్లాడుకునే అవసరం కూడా ఉండదు, చూపే పోతుంది.

మోడరేటర్ · రాత్రి 9:40

పుత్తూరు_కట్టు గారూ, కంట్లో వెయ్యమని చెప్పే నాటు మందులు ఈ విభాగంలో వద్దు. పోస్టు తీసెయ్యడం లేదు, కింద ఉన్న సమాధానం అందరూ చదవాలని ఉంచుతున్నాను.

పుత్తూరు_కట్టు · రాత్రి 9:44

సరే సరే. పొన్నగంటి కూర తినమనొచ్చా, అదీ తప్పేనా?

నీలం_లైటు · రాత్రి 9:45

పప్పులో వేసుకుని రోజూ తినమనండి. నాకూ ఇష్టమే.

పీలేరు_పిల్లోడు · రాత్రి 10:02

అక్కా, చాలా థాంక్స్. (అక్కో అన్నో తెలీదు, తప్పయితే మన్నించండి.) మాత్ర అసిటజోలమైడ్ 250, రోజుకు మూడు. చుక్కల సీసా మీద బ్రిమోనిడిన్, టిమొలాల్ అని ఉంది, పొద్దునా రాత్రీ. ఇవి కాక ముందు నుంచి వేస్తున్న చుక్కలు ఉన్నాయి, మాక్సిఫ్లాక్ససిన్, ప్రెడ్నిసొలోన్.

ఉబ్బసం అంటే... అమ్మకు చలికాలంలో పిల్లికూతలు వస్తాయి. ఇన్‌హేలర్ ఉంది, పెట్టెలో ఎక్కడో. ఆస్పత్రిలో బీపీ, షుగర్ ఉందా అని అడిగితే ఆ రెండింటి గురించే చెప్పింది. ఉబ్బసం ఇప్పుడు లేదు కదా, ఎందుకు చెప్పాలి అంటోంది.

నీలం_లైటు · రాత్రి 10:06

అక్కే.

టిమొలాల్ ఈ రాత్రికి వెయ్యకండి, ముందు ఆస్పత్రి ఎమర్జెన్సీ నంబరుకు ఫోన్ చెయ్యండి. ఫైలు మీద ఉంటుంది. "అమ్మకు ఉబ్బసం ఉంది, టిమొలాల్ రాశారు, ఏం చెయ్యమంటారు" అని ఈ మాటలే చెప్పండి. ఆ మందు కంట్లో వేసినా ముక్కులోకి జారి రక్తంలో కలుస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఊపిరితిత్తుల గొట్టాలు బిగుసుకుపోవచ్చు, గుండె నెమ్మదించవచ్చు. చుక్కే కదా అని తీసెయ్యడానికి లేదు. మాత్ర మాత్రం ఆపకండి.

పీలేరు_పిల్లోడు · రాత్రి 10:41

ఫోన్ చేశాను. డ్యూటీ డాక్టరు బాగానే మాట్లాడారు. ఆ సీసా పక్కన పెట్టెయ్యమని, బ్రిమోనిడిన్ ఒక్కటే ఉన్నది తీసుకోమని వాట్సాప్‌లో చీటీ పంపారు. బస్టాండు దగ్గర షాపు తెరిచే ఉంది, తెచ్చి వేశాను. కేసు షీటులో ఉబ్బసం అని ఎర్ర సిరాతో రాయిస్తామన్నారు.

మందుల_కొట్టు · రాత్రి 11:10

ఇప్పుడే షట్టర్ దించి ఫోన్ చూస్తున్నా. పీలేరు తమ్ముడూ, ఒక మాట. అసిటజోలమైడ్ మొదలెడితే వేళ్ళ కొసలు, పెదాలు తిమ్మిరెక్కుతాయి. మాటిమాటికీ మూత్రానికి లేస్తారు. సోడా, కూల్‌డ్రింక్ తాగితే రుచి చప్పగా, ఇనుము నాకినట్టు ఉంటుంది. ఇవన్నీ ఆ మాత్ర గుణాలే. పక్షవాతం అనుకుని అర్ధరాత్రి నాకు ఫోన్ చేసినవాళ్ళున్నారు, అందుకే ముందే చెబుతున్నా. ఒంటి మీద దద్దుర్లు వస్తే మాత్రం ఆపి డాక్టరుకు చెప్పాలి, అది సల్ఫా జాతి మందు.

చిత్తూరు_తోతాపురి · ఉదయం 6:20

పొద్దున్నే ఈ థ్రెడ్ చదివాను. నాది కొంచెం వేరే కథ, కానీ ఇక్కడే రాస్తాను. మీ అమ్మకు మర్నాడే తెలిసింది, అదృష్టం. మా నాయనకు నెలల తర్వాత తెలిసింది.

మా నాయనకు మామిడి పూత టైములో శుక్లం తీశారు. చూపు బ్రహ్మాండంగా వచ్చింది, చెట్టు మీది చీడ కూడా కింద నుంచే చెప్పేవాడు. డాక్టరు చుక్కల మందు రాసి, వారం వారం తగ్గిస్తూ ఆరు వారాల్లో ఆపెయ్యమన్నారు. చీటీ మీద అదంతా గళ్ళు గీసి రాసి ఉంది. తోటలో దుమ్ము పడి కన్ను మండినప్పుడల్లా ఆ చుక్కలు వేస్తే హాయిగా ఉందని నాయన ఆపలేదు. సీసా అయిపోతే ఖాళీ సీసా చూపించి ఇంకోటి తెచ్చుకునేవాడు. చొక్కా జేబులో బీడీ కట్టతో పాటు అది ఉండేది, మీద పేరు అరిగిపోయి డెక్సా అని సగం అక్షరాలే కనపడేవి. నేనూ ఎన్నోసార్లు చూశాను, కంటి మందే కదా అనుకున్నాను.

నొప్పి లేదు, ఎరుపు లేదు, అక్షరాలు చదవమంటే చివరి వరస దాకా చదివేవాడు. కోత కాలంలో తోటలో నడుస్తుంటే కుడి పక్క కొమ్మలు మొహానికి కొట్టుకోవడం మొదలైంది. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కన ఉన్నది కనపడదు. వేలూరు తీసుకుపోతే ప్రెషర్ 38. కంటి నుంచి మెదడుకు పోయే నరాన్ని చాలా వరకు తినేసిందన్నారు. చుక్కలు మార్చాక ఇప్పుడు 14 దగ్గర ఉంది, కానీ పోయిన పక్క చూపు పోయినట్టే. ఇక జన్మంతా రాత్రి పూట ఒక చుక్క వేసుకోవాలి.

ఆపరేషన్ చేసినవాళ్ళ తప్పు నేను అనను. వాళ్ళు ఆపమనే రాశారు. మళ్ళీ చూపించుకోవడానికి రమ్మన్న తారీఖు కూడా ఉంది. చూపు బాగుంది కదా అని మేమే పోలేదు.

మందుల_కొట్టు · ఉదయం 7:05

@చిత్తూరు_తోతాపురి అన్నా, ఇది చదివి మనసు పాడైంది. ఖాళీ సీసా చూపించి "ఇదే ఇవ్వు" అనేవాళ్ళు రోజూ వస్తారు. ఇవ్వనంటే పక్క షాపుకు పోతారు. చాలామందికి తెలియనిది ఏంటంటే, "యాంటీబయాటిక్ చుక్కలు" అనుకుని కొనే సీసాల్లో కూడా స్టెరాయిడ్ కలిసే ఉంటుంది. కంటి కలకకు ఎవరికో రాసినవి ఇంట్లో అందరూ వేసుకుంటారు. మీద చిన్న అక్షరాల్లో డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్, బీటామెథసోన్, డైఫ్లూప్రెడ్నేట్ అని ఏది ఉన్నా అది స్టెరాయిడే.

నీలం_లైటు · ఉదయం 7:40

దీన్నే మేము స్టెరాయిడ్ రెస్పాన్స్ అంటాం. స్టెరాయిడ్ చుక్కలు వారాల తరబడి వేస్తే సుమారు ముగ్గురిలో ఒకరికి ఎంతో కొంత ప్రెషర్ పెరుగుతుంది. వందలో నలుగురైదుగురికి బాగా ఎక్కుతుంది, 15 పాయింట్లకు పైగా. ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉంటే, షుగర్ ఉంటే, మైనస్ పవర్ ఎక్కువ ఉంటే అవకాశం ఇంకా ఎక్కువ. ఎవరికి ఎక్కుతుందో ముందుగా చెప్పే పరీక్ష లేదు, వేస్తూ చూడాల్సిందే. మామూలుగా రెండు వారాలు దాటాక మొదలవుతుంది. అంటే మర్నాడు పెరిగే ప్రెషర్, నెల తర్వాత పెరిగే ప్రెషర్ ఒకటి కాదు. మొదటిది ఎక్కువగా జెల్ వల్ల, రెండోది ఎక్కువగా చుక్కల వల్ల.

తోతాపురి అన్నా, ఇది మీ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు కూడా చెప్పండి. ఈ గుణం రక్త సంబంధీకుల్లో రావచ్చు. మీరంతా ఒకసారి ప్రెషర్, నరం చూపించుకోండి.

కొండ_కింద · ఉదయం 9:12

నొప్పి లేకపోతే ప్రెషర్ లేనట్టే అని మా వీధిలో ఒకాయన కొట్టిపారేస్తాడు. ఇది నిజమేనా?

నీలం_లైటు · ఉదయం 9:30

కాదు. ఒక్కసారిగా 40, 50కి ఎక్కితే నొప్పి, వాంతి, లైట్ల చుట్టూ రంగుల వలయాలు, మసక. మెల్లగా 28, 30కి ఎక్కితే ఏమీ తెలియదు. పీలేరు అమ్మగారికి కనీసం నొప్పి, వాంతి అయినా వచ్చాయి, తోతాపురి నాన్నగారికి ఏ సూచనా లేదు. మిషన్ పెడితేనే తెలిసేది. పసుపు రంగు చుక్క వేసి, నీలం లైటు పెట్టి కంటిని మెల్లగా తాకి చూసేది మేలైనది. గాలి ఊదే మిషన్ గుంపులో గబగబా చూడటానికి పనికొస్తుంది. అందులో ఎక్కువ చూపిస్తే నీలం లైటుతో మళ్ళీ చూడమని అడగండి.

మదనపల్లె_టమోటా · ఉదయం 11:48

అక్కా, కొత్త థ్రెడ్ పెట్టే టైం లేదు, ఇక్కడే అడుగుతున్నా. మా నాన్నకు రెటీనా (కంటి వెనక ఉండే చూపు పొర) ఊడిపోతే తిరుపతిలో ఆపరేషన్ చేసి కంట్లో గ్యాస్ ఎక్కించారు. డిశ్చార్జ్ చేస్తూ విమానం ఎక్కొద్దు, బోర్లా పడుకోవాలి అన్నారు. మాకు విమానంతో పనేముంది, సరే అన్నాం. ఇప్పుడు కారు మాట్లాడుకున్నాం, మధ్యాహ్నం భోజనం చేసి భాకరాపేట మీదుగా మదనపల్లె పోదామని. కారులో బోర్లా కూర్చోబెడితే చాలా?

నీలం_లైటు · ఉదయం 11:51

బయల్దేరొద్దు. చీటీలో గ్యాస్ పేరు ఏం రాశారో చూసి ఇక్కడ పెట్టండి.

మదనపల్లె_టమోటా · ఉదయం 11:58

సి3ఎఫ్8 అని ఉంది. చేతికి ఆకుపచ్చ బ్యాండ్ కట్టారు, తీసెయ్యొద్దన్నారు.

ఫిజిక్స్_మాస్టారు · మధ్యాహ్నం 12:10

నేను కంటి మనిషిని కాదు, ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ఇది మా సబ్జెక్టు కాబట్టి దూరుతున్నా. తిరుపతిలో కొన్న చిప్స్ పాకెట్ తిరుమలలో దిగేసరికి బిర్రుగా ఉబ్బి ఉంటుంది, అందరూ చూసే ఉంటారు. ఎత్తుకు పోయేకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గుతుంది, లోపలి గాలి వ్యాకోచిస్తుంది. తిరుపతి సముద్ర మట్టానికి సుమారు 160 మీటర్లు, మదనపల్లె సుమారు 700. ఆ తేడాకు గాలి ఒత్తిడి ఆరు శాతం పైచిలుకు తగ్గుతుంది, గ్యాస్ దాదాపు అంత పెరుగుతుంది. పాకెట్‌కైతే ఉబ్బే చోటుంది. కంటి గోడ సాగదు. పెరిగిన గ్యాస్ అంతా ఒత్తిడిగానే మారుతుంది.

నీలం_లైటు · మధ్యాహ్నం 12:22

మాస్టారు నా పని తేలిక చేశారు. కంటి వెనక గదిలో పట్టేది సుమారు 4 మిల్లీలీటర్లు. అది నిండా గ్యాస్ ఉంటే ఆరు శాతం అంటే పావు మిల్లీలీటరు. కంటి ముందు గది మొత్తం ఉండేదే పావు మిల్లీలీటరు! ప్రెషర్ ఏ మాత్రం ఎక్కుతుందో ఊహించుకోండి. కంటికి రక్తం తెచ్చే నాళం మూసుకుపోయేంత ఎక్కితే చూపు పోవడానికి ఎంతోసేపు పట్టదు.

విమానం సంగతి అందరూ చెబుతారు, ఘాట్ రోడ్డు సంగతి కొందరు మర్చిపోతారు. పడమటి మండలాల పేషెంట్లు ఎవరొచ్చినా మీ ఊరేదని నేను ముందే అడుగుతాను. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం అన్నీ పైనే. మొగిలి ఘాట్ ఎక్కినా ఇదే లెక్క. బెంగళూరు అయితే 900 మీటర్ల పైన.

ఆపరేషన్ చేసిన డాక్టరుకు ఫోన్ చేసి "మా ఊరు 700 మీటర్ల ఎత్తులో ఉంది, ఎప్పుడు పోవచ్చు" అని అడగండి. ఆయనకు మీది మదనపల్లె అని గుర్తుండకపోవచ్చు. సి3ఎఫ్8 పూర్తిగా కరగడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టొచ్చు. ఎస్ఎఫ్6 అనే ఇంకో గ్యాస్ అయితే రెండు వారాల పైమాట. ఆ బ్యాండ్ ఎందుకంటే, ఈలోపు ఇంకే ఆపరేషన్‌కైనా మత్తు ఇవ్వాల్సి వస్తే నైట్రస్ ఆక్సైడ్ ఇవ్వకూడదని. అది కంట్లోని గ్యాస్ బుడగలోకి దూరి దాన్ని పెద్దది చేస్తుంది.

కుప్పం_రైలు · మధ్యాహ్నం 12:40

మరీ భయపెడుతున్నారేమో. మా మామ కంట్లో గ్యాస్ ఉండగానే ఊరికి వచ్చేశాడు. ఏమీ కాలేదు, ఇప్పుడు ట్రాక్టర్ నడుపుతున్నాడు.

నీలం_లైటు · మధ్యాహ్నం 12:55

సంతోషం. ఆయన వచ్చేనాటికి బుడగ ఎంత మిగిలిందో మీకు తెలుసా? బాగా చిన్నదైపోయాక ఎక్కితే చాలామందికి ఏమీ కాదు. నిండుగా ఉన్నప్పుడు ఎక్కడం వేరు. ఎంత మిగిలితే ఎంత ఎత్తు పోవచ్చన్నది లోపల చూసిన డాక్టరే చెప్పాలి, మీ మామను చూసి మదనపల్లె నాన్నగారిని పంపలేం.

మదనపల్లె_టమోటా · మధ్యాహ్నం 1:30

డాక్టరు గారే ఫోన్ ఎత్తారు. "మదనపల్లెనా, వద్దు వద్దు" అన్నారు. కనీసం నెల కిందే ఉండి, చూపించుకున్నాకే కదలమన్నారు. ముందే తెలిసుంటే గ్యాస్‌కు బదులు సిలికాన్ ఆయిల్ గురించి కూడా ఆలోచించేవాళ్ళమన్నారు. కారు పంపించేశాం. తిరుచానూరులో బావ వాళ్ళింట్లో దింపుతున్నా. నాన్న ఒకటే గొణుగుడు, మార్కెట్లో టమోటా రేటు లేచిన వారమే కన్ను ఊడాలా అని.

ఆయిల్ అయితే ఈ గొడవ ఉండదా?

నీలం_లైటు · మధ్యాహ్నం 1:48

ఎత్తు గొడవ ఉండదు, ఆయిల్ వ్యాకోచించదు. కానీ దానికి దాని తంటాలున్నాయి. కొన్ని నెలల తర్వాత తీయడానికి ఇంకో ఆపరేషన్ కావాలి, ఎక్కువ కాలం ఉంటే సన్నటి బొట్లుగా విడిపోయి అదే జల్లెడలో చేరి ప్రెషర్ పెంచొచ్చు. ఎవరికి ఏది అన్నది రెటీనా ఎలా చిరిగిందన్న దాన్ని బట్టి. నాన్నగారికి ఇప్పుడు పెట్టింది మంచికే అనుకోండి, బోర్లా పడుకోవడం మాత్రం తప్పించకండి. నొప్పి వచ్చినా, ఉన్న చూపు తగ్గినా అర్ధరాత్రి అయినా ఆస్పత్రికే.

కొండ_కింద · సాయంత్రం 4:05

అంటే గ్యాస్ ఉన్నవాళ్ళు తిరుమలకు కూడా...?

నీలం_లైటు · సాయంత్రం 4:20

తిరుమల 850 మీటర్ల పైన. మదనపల్లె కన్నా ఎక్కువ. కన్ను బాగైతే వస్తానని మొక్కుకుని, బాగవ్వకముందే మొక్కు తీర్చడానికి బయల్దేరేవాళ్ళను చూస్తుంటాం. మెట్ల మీద నడిచినా, బస్సులో పోయినా తేడా లేదు, ఎత్తు ఎత్తే. గ్యాస్ లేని మామూలు శుక్లం ఆపరేషన్ వాళ్ళకు ఈ ఎత్తు సమస్య లేదు. వాళ్ళకుండేది తోపులాట, దుమ్ము, తలనీలాలు ఇచ్చాక నెత్తి మీద పోసుకునే నీళ్ళు. గాటు మానే దాకా ఆగితే చాలు.

పలమనేరు_లాప్‌టాప్ · సాయంత్రం 6:30

నాకు 27. కళ్ళజోడు పోవాలని లాసిక్ చేయించుకున్నా. డాక్టరు ప్రెషర్ 13 అన్నారు, "కానీ దీన్ని 13 అనుకోకండి" అని కూడా అన్నారు. అర్థం కాలేదు.

నీలం_లైటు · సాయంత్రం 6:50

లాసిక్‌లో కార్నియాను పలచన చేస్తారు. మిషన్ కార్నియాను నొక్కి లెక్క కడుతుంది కాబట్టి, పలచనిది సులువుగా లొంగి అసలు కన్నా తక్కువ చూపిస్తుంది. సగటు మందం 540 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. మీ ఆపరేషన్ ముందు ప్రెషర్, మందం ఎంతో రాసిన కాగితం జాగ్రత్తగా దాచుకోండి. ఇరవై ఏళ్ళ తర్వాత ఎవరైనా మీ కన్ను చూస్తే ఆ కాగితం అడుగుతారు.

పీలేరు_పిల్లోడు · మరుసటి రోజు, మధ్యాహ్నం 2:15

చూపించుకుని వచ్చాం. ప్రెషర్ 16! మాత్ర ఆపేశారు, బ్రిమోనిడిన్ ఇంకొన్ని రోజులు. చెప్పినట్టే వేళ్ళు తిమ్మిరెక్కాయి, మందుల కొట్టు అన్న ముందే రాసినందుకు మేము కంగారు పడలేదు. నరం ఎలా ఉందని అడిగాను. రెండు కళ్ళలోనూ బాగుందన్నారు. ఒక్క రోజు 34కి ఎక్కినందుకు ఆరోగ్యంగా ఉన్న నరానికి ఏమీ కాదన్నారు.

ఇప్పుడు ఇంకో టెన్షన్. తోతాపురి అన్న రాసింది అమ్మకు చదివి వినిపించా. అప్పటి నుంచి ప్రెడ్నిసొలోన్ వెయ్యనివ్వడం లేదు. "ఆ మందే కళ్ళు తినేస్తుందంట" అని సీసా దాచేసింది. నేను కూడా ఆపేద్దామా అనుకుంటున్నా, ఎలాగూ చూపు బాగుంది కదా.

చిత్తూరు_తోతాపురి · మధ్యాహ్నం 2:40

అయ్యో తమ్ముడూ, నేను రాసింది అందుకు కాదు. మా నాయన ఆపమన్నప్పుడు ఆపలేదు. మీ అమ్మ వెయ్యమన్నప్పుడు వెయ్యకపోతే అదీ అంతే కదా. అమ్మకు ఫోన్ ఇవ్వు, నేనే మాట్లాడతా.

నీలం_లైటు · మధ్యాహ్నం 2:52

అన్న చెప్పిందే. ఆపరేషన్ అయిన కంట్లో వాపు ఉంటుంది, పైకి కనపడదు. స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపేస్తే ఆ వాపు తిరగబెట్టొచ్చు, రెటీనా మధ్యలో నీరు చేరి చూపు మసకబారొచ్చు. వాపు వల్ల కూడా ప్రెషర్ పెరుగుతుంది, అది మర్చిపోకండి. చీటీలో ఉన్నట్టు వారం వారం తగ్గించుకుంటూ వెయ్యండి. మూడు నాలుగు వారాల దగ్గర ఒకసారి ప్రెషర్ చూడమని మీరే అడగండి. అప్పుడు ఎక్కుతుంటే వాళ్ళే తక్కువ ప్రభావం ఉన్న స్టెరాయిడ్‌కు మారుస్తారు, ఫ్లోరోమెథొలోన్, లోటెప్రెడ్నాల్ లాంటివి ఉన్నాయి. చీటీలో ఆపెయ్యమన్న రోజున సీసా చెత్తబుట్టలో వెయ్యండి. చొక్కా జేబులో కాదు.

ఎడమ కన్ను ఎప్పుడు చేయించినా ఈ కంట్లో 34 అయిందని గుర్తు చెయ్యండి. జెల్ ఇంకా జాగ్రత్తగా కడుగుతారు, అవసరమనుకుంటే ఆ రాత్రికే ముందుగా మాత్ర ఇస్తారు.

పీలేరు_పిల్లోడు · మధ్యాహ్నం 3:35

అన్న అమ్మతో పది నిమిషాలు మాట్లాడాడు. మామిడి రేట్ల దగ్గర మొదలై చుక్కల దగ్గరికి వచ్చారు. సీసా బియ్యం డబ్బా వెనక నుంచి బయటికి వచ్చింది.

చివరిగా ఒకటి. మూడు రకాల చుక్కలు ఒకే టైముకు పడుతున్నాయి. వరసగా వేసెయ్యొచ్చా?

మందుల_కొట్టు · మధ్యాహ్నం 3:50

వద్దు. ఒకదానికీ ఇంకోదానికీ ఐదు నిమిషాలు ఆగాలి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. ఒక మందుకు ఒక్క చుక్క చాలు, కంట్లో రెండోది పట్టదు, చెంప మీదికి కారడమే. ప్రెడ్నిసొలోన్ సీసాను వేసే ముందు బాగా ఊపండి, మందు అడుక్కు దిగి ఉంటుంది.

నీలం_లైటు · మధ్యాహ్నం 3:58

వేశాక కన్ను మెల్లగా మూసి, ముక్కు పక్క కంటి మూలను శుభ్రమైన వేలితో పైపైన ఒకటి రెండు నిమిషాలు అదిమి పట్టమనండి. మందు గొంతులోకి జారదు, అమ్మగారికి నోరు ఎండిపోవడం కూడా తగ్గుతుంది. ఆపరేషన్ గాటు ఉన్నవైపు కనుగుడ్డు మీద మాత్రం నొక్కకూడదు. ఎలాగో తెలియకపోతే మళ్ళీ పోయినప్పుడు నర్సమ్మను ఒకసారి చేసి చూపించమనండి.